పావు మాత్ర

మా మామగారు నెలకోసారి, మొదటి ఆదివారం నాడు, బస్సెక్కి మా ఇంటికి వచ్చేవారు. చేతిలో గుడ్డ మూట ఉండేది. మూటలో కారం పట్టించి ఊరబెట్టిన ముల్లంగి కిమ్చీ ఒక డబ్బా, తీపి కారం పట్టించిన నెత్తళ్ళు ఒక డబ్బా, ఆయన కొట్లో ఆ ఉదయమే దించిన నువ్వుల కుడుములు ఒక డబ్బా. అన్నిటికంటే పైన మూత నల్లగా మాసిన పాత కెమెరా ఫిల్మ్ డబ్బా. మొదటి మూడూ నాకు. నాలుగోది ఆయన కొడుకుకి.

ఆ ఫిల్మ్ డబ్బాలో పావు ముక్కలుగా కోసిన మాత్రలుండేవి. మామగారికి ప్రోస్టేటు వాచింది. దానికి ఆసుపత్రిలో రాసే మాత్రనే నాలుగో వంతు చేసుకుని మింగితే ఊడే జుట్టు ఆగుతుంది. జుట్టు కోసమని రాయించుకుంటే చేతి డబ్బు పెట్టాలి, ప్రోస్టేటుకని రాయిస్తే బీమా ఉంది. అందుకని తండ్రి పేరు మీద రాయించడం, కొడుకు మింగడం మా చొంగ్జు ఊళ్ళో కొత్తేం కాదు. చాలామంది మాత్రలు కోసే చిన్న పెట్టె కొనుక్కుంటారు. మామగారికి ఆ అవసరం లేదు. నలభై ఏళ్ళుగా బజారులో కుడుములు కోసిన చెయ్యి. పళ్ళెమంత కుడుమును అరవై నాలుగు ముక్కలు చేస్తే ఒకదానికొకటి తేడా కనిపెట్టలేం. ఆ కత్తితోనే మాత్రనూ నాలుగు చేసేవారు, పొడి రాలకుండా.

"ఆస్తి ఇవ్వలేకపోయాను. నేనిచ్చిందల్లా ఈ నెత్తే," అని తన బోడితల తట్టుకుని డబ్బా ముందుకు తోసేవారు. ఆరేళ్ళు ప్రతి నెలా అదే మాట.

మా ఆయన పేరు గీబోమ్. నాకంటే ఏడాది చిన్న. కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు. దుకాణం నిండా అద్దాలే. కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు అద్దంలో తమ ముఖం చూసుకుంటుంటే, వెనక నిలబడి అతను తన నుదురు చూసుకుంటాడు. నా ఉద్యోగం బడి వంటశాలలో. ఆరువందల మంది పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండుతాం. వండిన ప్రతి వంటా కొంచెం తీసి ఆరు రోజులు గడ్డకట్టించి దాచాలి, ఎవరికైనా కడుపునొప్పి వస్తే పరీక్షించడానికి. పదిహేనేళ్ళలో నా చేతి వంట ఒక్కటి పాడైంది లేదు. అక్కడ మాకు వెంట్రుకే శత్రువు. జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుందంటారు గానీ, నాకు ఇంత జుట్టుండీ పగలంతా వలలో బిగించుకుని తిరగడమే సరిపోయింది. ఇంటికొస్తే ఇంట్లో ఇంకొకరి జుట్టు గొడవ.

పెళ్ళైన కొత్తలో మేం బాగానే ఉన్నాం. తర్వాత గీబోమ్ మెల్లమెల్లగా మంచానికి ఆ చివరకు జరిగాడు. కోపమా అంటే కాదు. నవ్వుతాడు, గిన్నెలు కడుగుతాడు, నాకు కాళ్ళ నొప్పులని మందు రాస్తాడు. కానీ చెయ్యి వెయ్యడు. నేను దగ్గరకి జరిగితే, "అలసిపోయాను సొల్హీ," అంటాడు. ఎన్నాళ్ళని అలసట? అద్దం ముందు నిలబడి నా ఒంట్లో తప్పెక్కడుందో వెతుక్కునేదాన్ని. సన్నబడ్డాను, మళ్ళీ లావయ్యాను. పిల్లలు లేరన్న దిగులు ఉండేది, అబద్ధం చెప్పను. కానీ దానికంటే పెద్ద దిగులు ఇది. బిడ్డ లేకపోయినా బతకొచ్చు, పక్కనున్న మనిషి చెయ్యి లేకపోతే ఎలా బతకడం?

చివరికి పిల్లలు లేనివాళ్ళకి వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళింది నేనే. ఆవిడ గీబోమ్ పరీక్ష కాగితాలు చూసి, వీర్యకణాలు తక్కువగా ఉన్నాయని చెప్పి అడిగింది.

"ఏమైనా మందులు వాడుతున్నారా?"

"లేదండి."

"నెత్తికి వాడుతున్నావు కదా," అన్నాను.

"అది మందెలా అవుతుంది? పావు ముక్క."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఆ పావు ముక్క ఒంట్లో హార్మోన్ల మీద పనిచేస్తుందండి. కొందరికి ఏమీ కాదు. కొందరికి కోరిక తగ్గుతుంది, మనసు డీలా పడుతుంది, కణాలు తగ్గుతాయి. ఆపి చూడండి."

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టు మాట్లాడుతోందేమిటీవిడ అనుకున్నాను. మరుక్షణం గీబోమ్ ముఖం చూశాను. తల దించుకుని చెవుల దాకా ఎర్రబడ్డాడు. అతనికి కొంత తెలుసు. తెలిసీ, అది కాదులే అనుకుంటూ ఏళ్ళు గడిపాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది, తప్పు నా ఒంట్లో లేదని.

"ఆపితే అన్నీ మళ్ళీ వస్తాయా?" అని అడిగాను.

"చాలామందికి వస్తాయి. ఎన్ని నెలలకంటే చెప్పలేను. జుట్టు మాత్రం పోతుంది," అని నా వైపు తిరిగింది. "ఇంకో మాట. కడుపు కోసం చూస్తున్నవాళ్ళు విరిగిన మాత్ర చేత్తో ముట్టుకోకండి. మగబిడ్డ పడితే బిడ్డకు మంచిది కాదు."

ఏప్రిల్‌లో ఆపాడు. మామగారికి చెబుదామంటే ఒప్పుకోలేదు.

"ఏమని చెప్పను? ఆరేళ్ళు మీరు కోసి తెచ్చిన మందే మాకు పిల్లల్లేకుండా చేసిందని చెప్పనా? ఆయన మొయ్యగలరా అది?"

అదీ నిజమే అనిపించింది. మామూలుగానే మా ప్రాంతం వాళ్ళం దేన్నీ సూటిగా అనం. ఇల్లు తగలబడుతున్నా 'ఇవాళ కాస్త వెచ్చగా ఉన్నట్టుంది' అంటామని పైఊళ్ళవాళ్ళు ఎగతాళి చేస్తారు. కాబట్టి మామగారు డబ్బా తేవడం, గీబోమ్ రెండు చేతులతో అందుకోవడం అలాగే సాగాయి. ఆయన బస్సెక్కగానే ముక్కల్ని ఒక ఖాళీ కళ్ళజోడు పెట్టెలో పోసి సొరుగులో పడేసేవాడు.

ఆపిన మొదటి నెలల్లో ఏమీ రాలేదు, అన్నీ పోయాయి. నిద్ర పోయింది. టీవీలో బియ్యం ప్రకటన చూసి ఏడ్చాడు. నేను ముందు నవ్వి తర్వాత భయపడ్డాను. జూలై నుంచి జుట్టు మొదలైంది. స్నానాల గదిలో నీళ్ళు దిగేవి కావు. నేను అతనికంటే ముందు లేచి, అతను ముఖం కడుక్కునేలోగా, బట్టల మీద దుమ్ము తీసే జిగురు రోలరుతో దిండు శుభ్రం చేసేదాన్ని. బడిలో వెంట్రుకను వేటాడే చెయ్యి కాబట్టి ఒక్కటి మిగలనిచ్చేదాన్ని కాదు. ఒకరోజు చెత్తబుట్టలో ఆ జిగురు కాగితాలు చూశాడు. మర్నాడు నేను లేచేసరికి తనే లేచి కూర్చుని రోలరు తిప్పుతున్నాడు, నాకు కనబడకూడదని.

సెప్టెంబరులో ఒక సాయంత్రం నవ్వుతూ ఇంటికొచ్చాడు.

"ఇవాళ ఒక ముసలమ్మ వచ్చింది. కిందటేడు నా దగ్గరే జోడు చేయించుకుంది. ఏమందో తెలుసా? 'మీ తమ్ముడు లేడా నాయనా, ఆ అబ్బాయి మంచివాడు' అంది."

"నువ్వేమన్నావు?"

"ఊరెళ్ళాడమ్మా అన్నాను."

ఇద్దరం నవ్వాం. నేను గిన్నెలు సర్ది వచ్చేసరికి నవ్వు లేదు. సొరుగు ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళజోడు పెట్టె తెరిచి ఉంది. వేళ్ళ మధ్య ఒక పావు ముక్క.

"ఒక్కటేసుకుంటే ఏమవుతుంది?" అన్నాడు.

"వేసుకో. నేనేమైనా పోలీసునా?"

"ఐదు నెలలైంది సొల్హీ. జుట్టూ పోయింది, అదీ రాలేదు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. ఇంక దేనికోసం ఓర్చుకోవాలి చెప్పు?"

అప్పుడు నాకు నోరు ఆగలేదు. "నేను నీ పక్కన పడుకుని ఎన్నేళ్ళు ఓర్చుకున్నానో నీకు తెలుసా? నాలోనే ఏదో లోపముందని ఎన్ని రాత్రులు ఏడ్చానో తెలుసా? నాకు నీ జుట్టొద్దు. నిజం చెప్పనా, బిడ్డ కూడా తర్వాతి సంగతి. చెయ్యి కావాలి నాకు. నీ చెయ్యి. కోరికుంటేనే వెయ్యాలని ఎవరన్నారు? ఊరికే వెయ్యలేవా?"

అతను ముక్కను పెట్టెలో పడేసి, చెయ్యి కడుక్కుని వచ్చి నా భుజం మీద వేశాడు. పొయ్యి వేడిగా ఉందో లేదో చూసేవాడిలా వేసి, కాసేపటికి తీసేశాడు. ఆ మాత్రానికే నేను మూర్ఖురాలిలా వెక్కివెక్కి ఏడ్చాను.

గీబోమ్ ఇంట్లో కూడా ఊలు టోపీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. మామగారు చూడనే చూశారు. "ఈ ఏడు గాలి ఎక్కువగా ఉన్నట్టుంది," అన్నారంతే. అక్టోబరు నుంచి ఫిల్మ్ డబ్బా బరువెక్కింది. పావు ముక్కలు రెట్టింపయ్యాయి. నవంబరుకి ఒక డబ్బా రెండయ్యాయి.

"ఇన్నెందుకు నాన్నా?"

"ఆసుపత్రిలో ఇప్పుడు ఎక్కువిస్తున్నార్లే. రోజుకి నాలుగేసుకో. చేతికొచ్చింది కాదనకూడదు."

గీబోమ్ రెండు చేతులతో అందుకున్నాడు. కళ్ళజోడు పెట్టె నిండింది, రెండో పెట్టె తీశాడు. మేమిద్దరం మూర్ఖులం. రోజుకి నాలుగు పావులంటే ఒక మాత్రని, ఆయనకు రాసేది రోజుకి ఒక మాత్రేనని లెక్క కట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

జనవరిలో, బడికి చలికాలం సెలవులప్పుడు, ఒక పొద్దున ఫోనొచ్చింది. మామగారి కొట్టు పక్కన చేపల వడలు అమ్మే ఆవిడ. "మీ మామగారు కొట్లో కూలబడ్డారు. నిన్న సాయంత్రం నుంచి ఒంటికి పోవడం లేదంట. ఎవరికీ చెప్పొద్దంటున్నారు, అందుకే చెప్తున్నా."

మేం వెళ్ళేసరికి ఆసుపత్రిలో గొట్టం వేశారు. మనిషి తెల్లకాగితంలా ఉన్నారు. కుర్ర డాక్టరు మంచం పక్కన నిలబడి అడుగుతున్నాడు.

"పెద్దాయనా, మాత్ర రోజూ వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నట్టే లెక్క."

"అంటే? వేసుకుంటున్నారా, లేదా?"

"ఇంట్లో ఎవరో ఒకరం వేసుకుంటూనే ఉన్నాం కదా," అన్నారు మామగారు.

డాక్టరుకి అర్థం కాలేదు. మాకు అయింది. గీబోమ్ వెంటనే బయటికెళ్ళాడు. గంట తర్వాత కళ్ళజోడు పెట్టెలు రెండూ పట్టుకుని వచ్చి, మంచం మీది భోజనం బల్ల లాగి, దాని మీద తెరిచాడు. పావు ముక్కలు కుప్పగా పడ్డాయి.

"ఇదేంట్రా?"

"మీరిచ్చినవే నాన్నా. ఏప్రిల్ నుంచి ఒక్కటి కూడా వేసుకోలేదు."

మామగారు ఒక ముక్క తీసి దీపం వెలుగులో తిప్పి చూశారు.

"అంటే... ముక్కలు సమంగానే వచ్చాయా? నేనింకా నా చెయ్యి వణుకుతోంది, పావు కాస్తా తక్కువైపోతోంది, అందుకే నీకు పనిచెయ్యట్లేదు అనుకున్నాను."

"అందుకని మొత్తం నాకే ఇచ్చేశారా?"

"నాకెందుకురా? రాత్రికి నాలుగుసార్లు లేచేవాణ్ణి ఎనిమిదిసార్లు లేచాను. ముసలాడికి నిద్రతో ఏం పని?"

ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చిందంటే ఇదే. కొడుకు నొచ్చుకోకూడదని తండ్రి, తండ్రి నొచ్చుకోకూడదని కొడుకు, ఇద్దరూ కలిసి ప్రాణం మీదికి తెచ్చారు. నాకు ఇద్దరినీ తిట్టాలనిపించింది. అంతలో బల్ల అంచు నుంచి ఒక ముక్క కింద పడి దొర్లింది. వంటింటి అలవాటు, ఏది పడినా వెంటనే వంగుతాను. వంగాను.

గీబోమ్ నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా, గాజులుంటే చిట్లేంత గట్టిగా.

"ముట్టుకోకు."

"ఏం? అమ్మాయి ముట్టుకుంటే ఏమవుతుంది?" అన్నారు మామగారు.

గీబోమ్ నా చెయ్యి వదలకుండానే, తల వంచుకుని, మొత్తం చెప్పాడు. డాక్టరమ్మ అడిగిన ప్రశ్న, తను చెప్పిన అబద్ధం, ఎందుకు ఆపాల్సి వచ్చింది, విరిగిన ముక్క నేనెందుకు తాకకూడదు. మా ప్రాంతంలో ఒక మనిషి ఇంత సూటిగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు. పక్క మంచం రోగి టీవీ శబ్దం తగ్గించి మరీ విన్నాడు.

మామగారు తన అరచేతుల్ని చూసుకున్నారు.

"ఆ కత్తితోనే కుడుములు కోసి అమ్మాయికి పంపాను కదరా," అన్నారు.

"కడిగేవారు కదా మామయ్యా. ఏమీ కాదు."

"కడిగేవాణ్ణి. కడిగేవాణ్ణిలే... కానీ అదే కత్తి." డెబ్బై నాలుగేళ్ళ మనిషి, దుప్పటి ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఆ క్షణంలో కరిగిపోయింది. కొడుక్కి ఏదో ఒకటి ఇవ్వాలన్న ఆత్రం తప్ప ఆయన చేసిన నేరం ఏముంది?

గీబోమ్ టోపీ తీసి మంచం మీద పెట్టాడు. ఆ తలను తండ్రికి చూపించడం అదే మొదలు. నుదురు నడినెత్తి దాకా వెళ్ళిపోయింది, చెవుల పక్కన మాత్రం నాలుగు పోచలు.

"నాన్నా, ఇటు చూడండి. ఏమైనా మందు వాడుతున్నావా అని అడిగితే లేదన్నది నేను. మీరు కాదు."

మామగారు దుప్పటి దించి చూశారు. ఒకే అచ్చులో దించిన రెండు కుడుముల్లా ఉన్నాయి ఆ తలలు. ఆయన చెయ్యి చాచి కొడుకు నెత్తి మీద పెట్టారు.

"మీ అమ్మ నన్ను చేసుకునేనాటికే నాది ఇలా ఉంది," అన్నారు. "ఒక్కనాడూ వంక పెట్టలేదు. చలికాలం బియ్యం కడిగి కడిగి చేతులు గడ్డకట్టుకుపోయేవి కదా, వచ్చి నా నెత్తి మీద పెట్టుకునేది. 'ఇంత వెచ్చటి పొయ్యి ఎవరింట్లో ఉందయ్యా' అనేది. నీకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. మందు తేవడమే చేశాను."

ఆ రోజు డాక్టరు వచ్చి పాత ముక్కలన్నీ పట్టుకుపోయి కొత్త మాత్రలు రాశాడు. మామగారు మా కళ్ళముందే నిండు మాత్ర మింగారు. గీబోమ్ నా మణికట్టు ఎప్పుడు వదిలాడో నాకు గుర్తులేదు. ఇంటికొచ్చి చూసుకుంటే అతని వేళ్ళ గుర్తులు ఎర్రగా ఉన్నాయి. రెండు రోజులున్నాయి. పోతాయేమోనని దిగులుపడ్డాను.

మార్చి మొదటి ఆదివారం మామగారు వచ్చారు. మూటలో మూడే డబ్బాలు. కిమ్చీ, కొత్త కత్తితో కోసిన కుడుములు, నువ్వుల నూనె వేసి కలిపిన పాలకూర. పాత కత్తిని కాగితాల్లో చుట్టి పారేశారట. నలభై ఏళ్ళ కత్తి పోయినందుకు ఆయన ఏమీ బాధపడలేదు. కొత్తది ఇంకా చేతికి అలవాటు కాలేదని, ముక్కలు వంకరగా వచ్చాయని మాత్రం పదిసార్లు చెప్పారు.

గీబోమ్ ఆ ఉదయమే మంగలి దగ్గరకెళ్ళి మిగిలిన నాలుగు పోచలూ తీయించుకుని వచ్చాడు. తండ్రి చూసి, "ఇవాళ ఎండ బాగుంది," అన్నారు. కూర్చున్న పావుగంటకే లేచారు.

"బస్సు టైమైంది."

"రెండింటికి కదా మామయ్యా బస్సు? ఇంకా పన్నెండే. అన్నం తిని వెళ్ళండి."

"నడిచి వెళ్తా. నడవమన్నాడు డాక్టరు," అని డబ్బాలు, అడుగున వేడినీళ్ళ గొట్టాలతో వెచ్చగా ఉండే మా నేల మీద పెట్టి వెళ్ళిపోయారు.

నేను బియ్యం కడిగాను. మార్చి నీళ్ళు ఇంకా చల్లగానే ఉంటాయి. చేతులు తుడుచుకోకుండా వచ్చి, కిటికీ పక్కన కూర్చున్న గీబోమ్ నెత్తి మీద రెండు అరచేతులూ పెట్టాను. ఉలిక్కిపడ్డాడు. తర్వాత నవ్వాడు. ఎండలో కూర్చున్నాడేమో, నిజంగానే వెచ్చగా ఉంది. అతను చేతులు పైకి చాచి నా చేతుల్ని పట్టుకుని కిందికి లాగాడు. ఈసారి వెంటనే తీసెయ్యలేదు. ఎంతసేపో తీసెయ్యలేదు. అలసిపోయానని అనలేదు.

కడిగిన బియ్యం అలాగే ఉండిపోయింది. మేం లేచేసరికి ఎండ గోడ దాటి పోయింది. అప్పుడు గుర్తొచ్చి డబ్బా మూత తీశాను. నేల వేడికి పాలకూర పులిసి వాసన కొడుతోంది. అంతలో ఫోన్ మోగింది.

"అమ్మాయ్, చెప్పడం మర్చిపోయాను. ఆ పాలకూర మధ్యాహ్నమే తినెయ్యాలి."

"ఇప్పటిదాకా మూతే తియ్యలేదు మామయ్యా," అన్నాను. "పులిసిపోయింది."

నా చేతిలో పదిహేనేళ్ళుగా ఏ వంటా పాడవలేదని ఆయనకు తెలుసు. ఇవాళ మూత తీసే తీరిక ఎందుకు లేకపోయిందో వేరే చెప్పక్కర్లేకపోయింది.

"పోనీలే," అన్నారు. "వచ్చే నెలా పాలకూరే తెస్తాను."